విండోస్ 10: కంప్యూటర్ బాగానే ఉంది.. అప్‌డేట్లే ఆగాయి! ఇప్పుడేం చేయాలి?

కాలనీలోని నెట్ సెంటర్‌కు వెళితే పాన్ కార్డు దరఖాస్తు, ఆధార్ ప్రింటు, ఉద్యోగ పరీక్ష ఫీజు.. అన్నీ ఒకే పాత కంప్యూటర్‌లో అయిపోతాయి. అది ఆన్ అవుతుంది, ప్రింట్ ఇస్తుంది. ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ అందులో ఉన్నది విండోస్ 10 అయితే, 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. ఇళ్లలో పిల్లల చదువుకు వాడుతున్న పాత ల్యాప్‌టాప్‌ల పరిస్థితీ అంతే.

అసలేం జరిగింది?

విండోస్ 10 విడుదలైంది 2015 జులైలో. పదేళ్ల తర్వాత ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేస్తామని కంపెనీ ముందే చెప్పింది. విండోస్ 11కు మారడానికి డబ్బులు కట్టక్కర్లేదు. చిక్కల్లా హార్డ్‌వేర్‌తోనే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ తప్పనిసరి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఈ జాబితా మొదలవుతుంది. అంటే 2018కి ముందు కొన్న చాలా కంప్యూటర్లు, ఎంత బాగా పనిచేస్తున్నా, దీనికి పనికిరావు.

అప్‌డేట్ రాకపోతే ఏమవుతుంది?

కంప్యూటర్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలను పూడ్చేవారు ఉండరు. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను లాక్ చేసి డబ్బులు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. నెట్ సెంటర్ కంప్యూటర్‌కు అలాంటిదే జరిగితే పోయేది యజమాని ఫైళ్లు ఒక్కటే కాదు, అక్కడ సేవ్ అయి ఉన్న మన ఆధార్, పాన్ కాపీలు కూడా.

మన ముందున్న దారులేంటి?

* ముందుగా ‘పీసీ హెల్త్ చెక్’ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత యాప్‌తో మీ కంప్యూటర్ విండోస్ 11కు అర్హమో కాదో చూసుకోండి. అర్హమైతే ఆలస్యం చేయొద్దు.

* కాకపోతే, వ్యక్తిగత యూజర్లకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. దీనికి 30 డాలర్లు కట్టాలి. లేదా వెయ్యి రివార్డ్ పాయింట్లు వాడుకోవాలి. సెట్టింగ్స్‌ను క్లౌడ్‌లో బ్యాకప్ చేస్తే ఉచితం. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతా మాత్రం ఉండాలి.

* సంస్థలకు రేటు వేరు. ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. గరిష్ఠంగా మూడేళ్లే.

* బ్రౌజర్, టైపింగ్ వరకే పని అయితే లినక్స్ ఉచితం. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా దాన్నే వాడుతున్నాయి. అయితే మీ ప్రింటర్, వేలిముద్ర యంత్రం అందులో పనిచేస్తాయో లేదో ముందు చూసుకోవాలి.

కంపెనీ వాదనలో పస ఎంత?

పాత సాఫ్ట్‌వేర్‌ను కలకాలం నడపడం ఖర్చుతో కూడిన పని. పదేళ్లు తక్కువేం కాదు. ఇంతవరకూ ఒప్పుకోవచ్చు. కానీ ఆ పదేళ్లను సాఫ్ట్‌వేర్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తున్నారు, మనం కొన్న రోజు నుంచి కాదు. 2017లో కొన్నవారికి దక్కింది ఎనిమిదేళ్లు. అదే ల్యాప్‌టాప్‌ను 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న విద్యార్థికి దక్కింది మూడేళ్లే. ఆ సంగతి అమ్మే రోజున బిల్లు మీద గానీ, డబ్బా మీద గానీ ఎవరూ రాయలేదు.

ఇంకో సంగతి. యూరప్ ఆర్థిక ప్రాంతంలోని యూజర్లకు బ్యాకప్ షరతు లేకుండానే ఏడాది అప్‌డేట్లు ఉచితంగా ఇచ్చేందుకు మైక్రోసాఫ్ట్ అంగీకరించింది. అక్కడి వినియోగదారుల సంఘాలు పట్టుబట్టాకే ఆ మార్పు వచ్చింది. కంపెనీ నిర్ణయాలు శిలాశాసనాలు కావని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దగ్గర ఏం మారాలి?

ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయ్యే పరికరాలకు కనీసం ఎంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో తయారీదారులు చెప్పాల్సిందేనని బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి నిబంధన తెచ్చింది. ఫోన్లు, స్మార్ట్ టీవీల వంటివాటికి అది వర్తిస్తుంది. మందుల షీటు మీద గడువు తేదీ లేకపోతే మనం కొనం. కంప్యూటర్ డబ్బా మీదా ‘ఈ తేదీ వరకు అప్‌డేట్లు వస్తాయి’ అన్న ఒక్క లైను తప్పనిసరి చేయాలి. ప్రభుత్వ కార్యాలయాలకు, బడులకు కంప్యూటర్లు కొనే టెండర్లలో ఈ షరతు పెట్టి మొదలుపెట్టొచ్చు.

అప్పటిదాకా మనం చేయగలిగినవి రెండు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటుంటే ర్యామ్ ఎంత అని అడిగేముందు విండోస్ 11 ఎక్కుతుందా అని అడగండి. నెట్ సెంటర్‌లో పని అయిపోగానే మీ ఖాతా లాగౌట్ చేసి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న మీ పత్రాలను డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాకే బయటికి రండి.