రెండున్నర సూతూ, ఎనిమిది మిల్లీమీటర్లూ

మొజంజాహీ మార్కెట్టు దాటి ఉస్మాన్‌గంజ్‌లో అడుగుపెట్టిన గృహస్థు, జేబులోంచి తుప్పుపట్టిన బోల్టొకటి తీసి, "ఇలాంటిది ఇంకొకటి కావాలయ్యా" అంటాడు. "సూతా, ఎమ్మెమ్మా, సాబ్?" అని దుకాణదారు ఎదురడుగుతాడు. అక్కడితో మనవాడి నోట మాట ఆగిపోతుంది. ఇంటి దగ్గర నీళ్ల మోటారో, తాతగారి నాటి టేబులు ఫానో ఆ ఒక్క బోల్టు కోసం మూలన కూర్చుని ఉంటుంది మరి!

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు సూత్‌లు పావు అంగుళం, నాలుగైతే అరంగుళం. ఇక మర అంటారా, మరచెంబు మూత తిప్పినవారికి వేరే చెప్పనక్కరలేదు. దుకాణాల్లో దాన్నే చూడీ అంటారు. హిందీలో ఆ మాటకు గాజు అని కూడా అర్థం. బోల్టు ఒంటి మీద మర చుట్లు గాజుల వరసలాగే కనబడతాయి గదా!

పూర్వం ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అందరికీ ఒకటే కొలత ఉండాలన్నాడు. గట్ల కోణం 55 డిగ్రీలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకు పట్టక అవస్థపడ్డాక, 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా కలిసి ఒకే మరకు ఒప్పుకున్నాయి. మన దేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్లింది. చట్టం మారినంత మాత్రాన ఇళ్లలోని బోల్టులు మారవు. అందుకే బజారులో నేటికీ రెండు లెక్కలూ నడుస్తున్నాయి.

చిక్కంతా రెండున్నర సూత్ బోల్టు దగ్గర వస్తుంది. దాని లావు 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ బోల్టు 8 మిల్లీమీటర్లని పేరే గాని, తయారీలోనే వెంట్రుకవాసి తగ్గుతుంది. కాబట్టి లావు కొలిచి ఇది ఫలానా అని తేల్చలేం. పానా నంబరు చూసి చెప్పడం అంతకంటే పొరపాటు: 13 నంబరు పానా సాధారణంగా 8 మిల్లీమీటర్ల బోల్టుకు పడుతుంది, ఆ పదమూడు తలది, ఒంటిది కాదు.

నిజం చెప్పేది గట్టుకూ గట్టుకూ మధ్య ఎడం. బోల్టును బాగా తుడిచి, పక్కన స్కేలు ఆనించి, మొదటి గట్టును సున్న అనుకుని పదో గట్టుదాకా లెక్కపెట్టండి. మొదటిదాన్నే ఒకటి అన్నారో, లెక్క తప్పుతుంది. ఆ దూరం 12.5 మిల్లీమీటర్లయితే అది 8 మిల్లీమీటర్ల మామూలు మర. 14.1 అయితే రెండున్నర సూత్, అంటే అంగుళానికి 18 చుట్లు. ఇవే లావుల్లో సన్న మరలూ ఉన్నాయి గనుక లావూ, ఎడమూ రెండూ కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. అరంగుళం దగ్గర ఇంకో మెలిక: విట్‌వర్త్ మరకు అంగుళానికి 12 చుట్లు, అమెరికా మరకు 13.

స్కేలు లేకపోతే, తెలిసిన బోల్టును తెలియనిదాని పక్కన పెట్టి గట్లను పళ్లలా ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చి వెలుతురుకెత్తి చూడండి. సందులోంచి వెలుగు కనబడకపోతే రెండింటి ఎడమూ ఒకటే.

ఇంత శ్రమ ఎందుకంటారా? వేరే మర బోల్టు కూడా ఒకటి రెండు చుట్లు సాఫీగానే ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుస్తుంది. "తుప్పు కాబోలు" అని మనం పానా వేసి బలం చూపిస్తాం. అప్పుడు అరిగేది బోల్టు ఒక్కటే కాదు, అది దిగిన పోతదిమ్మ లోపలి మర కూడా! పైకి బిగిసినట్టే ఉంటుంది గాని, పట్టంతా రెండు చుట్ల మీదే. మోటారు అదిరినప్పుడు ఊడివస్తుంది. బోల్టు పోతే కొన్ని రూపాయల్లో ఇంకొకటి దొరుకుతుంది. తాతగారి ఫాను దిమ్మ ఏ బజారులో దొరుకుతుంది?

వేళ్లతో తిప్పితే ఎక్కని బోల్టును పానాతో ఎక్కించకండి. అది మొరాయిస్తున్నది మొండితనంతో కాదు, తన మర వేరని చెబుతోంది.