తిల్లానాతో సరిపెట్టకండి

తనియావర్తనం అయిపోయింది. సభలో సగంమంది సంచులు సర్దుకుంటున్నారు. అప్పుడు గాయకుడు కదనకుతూహలంలో తిల్లానా అందుకుంటాడు. లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చుంటారు, కాళ్లు తాళం వేస్తాయి. అది మంగళంపల్లి బాలమురళీకృష్ణ రచన. నాలుగు వందలకు పైగా రచనలు చేసిన మనిషికి మన కచేరీ పద్ధతి కేటాయించిన చోటు అదే, మంగళానికి ముందు ఐదారు నిమిషాలు.

దీనికి కారణం సంగీతలోకంలో పాతుకుపోయిన ఒక అభిప్రాయం. వాగ్గేయకారుల కాలం త్రిమూర్తులతోనే ముగిసిందట. బాలమురళి అద్భుతమైన గాయకుడే గానీ ఆయన కృతులు, కొత్త రాగాలు పాండిత్య ప్రదర్శన మాత్రమేనట. ఆయన గొంతును ప్రాణంగా ప్రేమించేవాళ్లు కూడా ఈ మాటకు తల ఊపుతారు. ఈ తీర్పు తప్పు, అన్యాయం కూడా.

సంప్రదాయాన్ని మీరాడన్నది మొదటి ఆరోపణ. 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, పసికందుగా ఉండగానే తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు చేరింది పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. వెంకటసుబ్బయ్యకు పాఠం చెప్పింది సాక్షాత్తు త్యాగరాజు. ఆ వరసలో అయిదోవాడైన మనిషికి సంప్రదాయం తెలియదనడం ఎలా కుదురుతుంది?

మీసాలు రాని వయసులోనే ఆయన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టడం మొదలుపెట్టాడు. 1952లో అవి ‘జనకరాగ మంజరి’గా అచ్చయ్యాయి. ఈ పని చేసినవాడు ఆయన ఒక్కడే కాదు, తమిళంలో కోటీశ్వరయ్యర్ అంతకుముందే చేశారు. అయినా పని బరువు తగ్గదు. 72 మేళాల్లో 40 వివాది మేళాలు. షట్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం వంటివి తగిలితే దోషమని చాలామంది విద్వాంసులు వాటి జోలికే పోయేవారు కాదు. ఆ రాగాలన్నింటిలోనూ తెలుగు పిల్లలు పాడుకోవడానికి ఇవాళ కృతులు ఉన్నాయంటే అది ఈయన చలవే.

అసలు గొడవ కొత్త రాగాల దగ్గర. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ బహిరంగంగానే సవాలు చేశారు. నాలుగు స్వరాలతో రాగమేమిటి, మూడింటితో రాగమేమిటి అని శాస్త్రం తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. బాలమురళి కల్పించిన మహతినే తీసుకోండి. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. దీన్ని హరికాంభోజి జన్యమనవచ్చు, చక్రవాక జన్యమనీ అనవచ్చు, చారుకేశి అన్నా కాదనలేం. ఆక్షేపించేవారికి ఇది లోపం. పాడి చూసినవారికి మాత్రం రాగం కొత్తదనమంతా అక్కడే తెలుస్తుంది. రిషభం, మధ్యమం, ధైవతం లేవు కాబట్టి గొంతు మెట్లు దిగుతూ జారిపోయే వీలు లేదు. ప్రతి స్వరం మీదా దూకి నిలబడాలి. 1975లో ‘అపూర్వ రాగంగళ్’ సినిమా కోసం ఎం.ఎస్. విశ్వనాథన్ ఆ రాగంలోనే పాట కట్టారు, జేసుదాస్ పాడారు. శాస్త్రం పేరు కూడా తెలియని లక్షలమంది దాన్ని మనసుకు ఎక్కించుకున్నారు. రాగానికి రక్తి ఉందా లేదా అన్నదానికి ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

కొత్తదనమే నేరమైతే ముందు పెద్దలను నిలదీయాలి. ఆయన తిల్లానా కట్టిన కదనకుతూహలం కూడా ఒకప్పుడు కొత్త రాగమే, పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ సృష్టి. స్వరాల పేర్లు పలికేటప్పుడు పెదవులు కలవకూడదని ముత్తయ్య భాగవతార్ మధ్యమ పంచమాలు వదిలేసి ‘నిరోష్ఠ’ కల్పించారు. దాన్ని ఎవరూ గారడీ అనలేదు. త్యాగరాజు కృతి కట్టిన నవరస కన్నడకు ఆరోహణలో నాలుగే స్వరాలు. అక్కడ ఒప్పుకున్నదాన్ని ఇక్కడ నిరాకరించడం శాస్త్రం కాదు, పక్షపాతం.

ఒక మాట ఒప్పుకోవాలి. త్యాగరాజు సాహిత్యంలోని గుండెకోత బాలమురళి కృతుల్లో కనిపించదు. మూడు స్వరాల సర్వశ్రీ లాంటివి గంటసేపు ఆలాపనకు నిలవవు. ఆ రాగాలన్నీ ఒక్క ఎత్తు కూడా కావు. కానీ లవంగి అలా కాదు. శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతంతో ఆయన నింపిన ఆర్తి విన్నవాడు దాన్ని లెక్కల ఆట అనడు.

1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1991లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2016 నవంబరు 22న ఆయన వెళ్లిపోయారు. బిరుదులకు లోటు లేదు. లోటల్లా కచేరీలో చోటుకే. విజయవాడలో, హైదరాబాదులో, చెన్నైలో పాడే యువ విద్వాంసులు ఈసారి తిల్లానాతో సరిపెట్టవద్దు. ఆయన మేళకర్త కృతి ఒకటి తీసుకుని, ఆలాపన చేసి, నెరవు పట్టి, స్వరం వేసి, తనియావర్తనం దాని మీదే ఇప్పించండి.