పిల్లల పుస్తకాలు పెద్దలకెందుకు?

"ఇంత వయసొచ్చి పిల్లల కథలు చదువుతావా?" అని మా కాటన్‌పేటలో పెద్దవాళ్ళను పెద్దవాళ్ళే ఎగతాళి చేస్తారు. ఇది తప్పని గట్టిగా చెబుతున్నాను. 1947 జూలైలో మద్రాసులో మొదలైన 'చందమామ'ను పిల్లలొక్కరే చదివారా? తాతలూ చదివారు. దాన్ని చాలా ఏళ్ళు నడిపింది 'చదువు' నవల రాసిన కొడవటిగంటి కుటుంబరావు గారు. పిల్లల కథలంటే చిన్నచూపుంటే అన్నేళ్ళు ఆ పని చేసేవారా?

జపాన్‌లో 1981లో వచ్చిన తెత్సుకో కురొయనాగి పుస్తకం తెలుగులో 'రైలుబడి'. మొదటి బడివాళ్ళు పంపించేసిన టోటోచాన్ కొత్త బడికి వెళితే, హెడ్మాస్టరు కొబయాషి గారు నాలుగు గంటలు ఆ పాప మాటలు విన్నారు. మాట్లాడటం మాకు వచ్చు. వినడం నేర్చుకోవలసింది పెద్దలే. మా అమ్మ రోజూ "మార్కులెన్ని?" అనే అడిగేది. ఆ పుస్తకం చదివాక "ఇవాళ బళ్ళో ఏం జరిగింది?" అని అడిగి, స్టవ్ ఆపి మరీ వినింది.

అంగడిలో కన్నడ, ఫోనులో ఇంగ్లీషు. మా ఇళ్ళల్లోకి తెలుగు పుస్తకం వచ్చేది మా బడి సంచిలోనే. కాబట్టి టీచర్లకు నా మనవి: పేరెంట్స్ మీటింగు రోజు లైబ్రరీ బీరువా తెరవండి. రిజిస్టరులో మా పేర్ల పక్కన అమ్మానాన్నల పేర్లూ రాసుకోండి.