గోలు వేసినవానికే కిరీటమా?

వర్తకుల లెక్కలలో ఒక లోపమున్నది. వచ్చిన లాభమునకు చిట్టాలో పద్దు పడును. రాకుండ ఆపిన నష్టమునకు పద్దు లేదు. నూరు బస్తాల సరకు అమ్మిన గుమాస్తాను యజమాని పదిమందిలో మెచ్చుకొనును. తడిసిన బస్తాలను గుమ్మమువద్దనే గుర్తించి వెనుకకు పంపిన గుమాస్తా ఊసు ఎవ్వరును ఎత్తరు. హాకీ ఆటలో బహుమానముల పంపిణీని చూచినప్పుడు మాకు ఈ లోపమే కనబడుచున్నది. తన గోలును కాపాడుటయే ముఖ్యమైన పనిగా పెట్టుకొన్న డిఫెన్స్ ఆటగానికి తగిన గౌరవము లభించుచున్నదా? ఈ ప్రశ్నను పాఠక మహాశయుల ముందుంచుచున్నాము. సుందర్‌గఢ్ జిల్లా ఆటగాండ్రను ఎరిగిన ఒడిశా తెలుగువారికి హాకీ ముచ్చట పరాయిది కానేరదు.

ఈ వాదము మిక్కిలి తీవ్రముగా సాగుచున్నది మాత్రము మన పచ్చిక మైదానముల హాకీలో గాదు. కెనడా, అమెరికా దేశములలో మంచుగడ్డపై ఆడెడి ఐస్ హాకీలో. అచటి నేషనల్ హాకీ లీగ్‌వారు ఉత్తమ డిఫెన్స్ ఆటగానికి ఏటేట జేమ్స్ నోరిస్ స్మారక ట్రోఫీని ఇచ్చెదరు. డెట్రాయిట్ జట్టు యజమానియైన జేమ్స్ నోరిస్ పేర ఆయన సంతానము దీనిని నెలకొల్పిరి. 1954లో మొదటిసారి రెడ్ కెల్లీకి లభించినది. తన స్థానమున సర్వతోముఖమైన సామర్థ్యమును సీజను పొడవున చూపినవానికి ఈయవలెనని నియమము. ఓటు వేయువారు హాకీ విలేఖరులు. ఒక్కొక్కరు అయిదు పేర్లను వరుసగా వ్రాయుదురు. మొదటి పేరునకు 10, తరువాతివానికి క్రమముగా 7, 5, 3, 1 చొప్పున మార్కులు పడును. నియమములో తప్పు పట్టుటకు ఏమియు లేదు. చిక్కంతయు ఆచరణలోనే ఉన్నది.

ఆ ఆటలో గోలు వేసినవానికి ఒక పాయింటు, దానికి సాయపడినవానికి ఒక పాయింటు లెక్కింతురు. ఈ అంకె ప్రతి ఉదయమున పత్రికలో కనబడును. ప్రత్యర్థిని గోడవైపునకు నెట్టి అతని దారి మూసినవానికి, గోలుముందు నిలిచి బిళ్లను ఒంటితో ఆపినవానికి, ఎదుటి జట్టులోని మేటిని ఆట ముగియువరకు వెంబడించినవానికి అంత తేటయైన అంకె లేదు. విలేఖరి తన ఊరి జట్టును ప్రతిదినము చూడగలడు గాని దూరపు జట్లను అంత దగ్గరగా చూడజాలడు. చూడనిచోట అంకెనే నమ్మును. అంకె గోలు వేసినవాని పక్షమే పలుకును.

నిదర్శనములు కావలెనా? వాషింగ్టన్ జట్టు ఆటగాడు రాడ్ లాంగ్వే 1983లోను, 1984లోను నోరిస్ ట్రోఫీ గెలిచెను. మొదటి యేట అతని పాయింట్లు 32, రెండవ యేట 33. అదే 1984లో ఎడ్మంటన్ ఆటగాడు పాల్ కాఫీ 126 పాయింట్లు సాధించియు రెండవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. ఓటర్లు చేసినది అన్యాయమా? లాంగ్వే రాకకు ముందటి సీజనులో వాషింగ్టన్ జట్టు 338 గోలులను సమర్పించుకొన్నది. 1984 నాటికి ఆ సంఖ్య 226కు దిగినది. ఆ ఘనత ఒక్కనిదే యనుట అతిశయోక్తి యగును. అయినను జట్టు స్వభావమునే మార్చిన ఆటగానిని ఆనాటి విలేఖరులు కనిపెట్టగలిగిరి. లాంగ్వే తరువాత పూర్తి సీజను జరిగిన యేట 40 పాయింట్లకు లోపుగా ఈ ట్రోఫీ గెలిచినవాడు ఒక్కడును లేడు. ఇన్ని యేండ్లలో అట్టి రక్షకుడు మరియొకడు పుట్టలేదని నమ్మవలెనా?

న్యూజెర్సీ జట్టు నాయకుడు స్కాట్ స్టీవెన్స్‌ను తలచినంతనే ఎదుటి జట్టువారు వెనుకముందాడెడివారు. 2000లో స్టాన్లీ కప్పు పోటీలలో అత్యుత్తమ ఆటగానిగా కాన్ స్మైత్ ట్రోఫీ అతనికి దక్కినది. 2007లో హాకీ కీర్తిమందిరమున స్థానము లభించినది. నోరిస్ ట్రోఫీ మాత్రము ఒక్కమారైనను రాలేదు. నేటికాలమున కరోలినా జట్టు ఆటగాడు జాకబ్ స్లావిన్ రక్షణ నైపుణ్యమును అందరును మెచ్చుకొందురు. అతనికి 2021లోను, 2024లోను వచ్చినది మర్యాదగల ఆటకిచ్చు లేడీ బింగ్ ట్రోఫీ. మరి 2023లో నోరిస్ ట్రోఫీ గెలిచిన ఎరిక్ కార్ల్సన్ 101 పాయింట్లు సాధించెను. అతడు మంచుపైనున్న వేళల లెక్కలో మాత్రము జట్టునకు 26 గోలుల లోటు తేలినది. బలహీనమైన జట్టులో ఆడువానికి ఆ లోటు కొంత తప్పదని మేమును ఒప్పుకొందుము. కాని ఆ లోటును పక్కకు నెట్టగలిగినది ఆ 101 అను అంకెయే గదా!

ఎదుటివారి వాదమునకును న్యాయము చేయవలెను. బిళ్ల మనవద్ద నున్నంతసేపు ప్రత్యర్థి గోలు వేయజాలడు గనుక దాడియే మేలైన రక్షణయని వారందురు. ఇది తోసిపుచ్చదగిన మాట గాదు. 1968 మొదలు 1975 వరకు వరుసగా ఎనిమిదిమార్లు ఈ ట్రోఫీ గెలిచిన బాబీ ఆర్ 1970-71 సీజనులో 139 పాయింట్లు చేసెను. అతడు మంచుపైనున్నప్పుడు జట్టునకు తేలిన మిగులు 124 గోలులు. అట్టివాడు గెలిచిన వంక పెట్టువాడెవడు? 2016లో 82 పాయింట్లు చేసిన కార్ల్సన్‌ను కాదని 51 పాయింట్ల డ్రూ డౌటీని ఎన్నుకొనిన సందర్భమును కలదు. కావున ఓటర్లు కన్నులు లేనివారని మేమనము. ఇట్టి తీర్పులు అరుదుగా వచ్చుచున్నవనియే మా ఫిర్యాదు.

ఈ విషయమున ఒక వింత గమనింపదగినది. అదే లీగ్‌లో దాడిచేయు ఫార్వర్డులలో రక్షణపనిని చక్కగా నెరవేర్చువానికి ఫ్రాంక్ సెల్కీ ట్రోఫీ యున్నది. 1978లో అది మొదలైనప్పుడు బాబ్ గెయినీ వరుసగా నాలుగుమార్లు గెలిచెను. గోలులు వేయుట వృత్తిగా గలవానికి రక్షణ చేసినందుకు బహుమానము! రక్షణయే వృత్తిగా గలవానికి ఆ పేర నోరిస్‌తో పాటు వచ్చిన ట్రోఫీ లేదు. వంటవాడు తోట చక్కగా తడిపినందుకు సన్మానించి, తోటమాలిని మరచినట్లున్నది.

మన హాకీవైపు చూతము. అంతర్జాతీయ హాకీ సమాఖ్యవారి ఉత్తమ ఆటగాని పురస్కారము మన హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 2021, 2022, 2024లలో లభించినది. ఆయన డిఫెన్స్ ఆటగాడే, దేశమునకు గర్వకారణమే. అయినను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆయన వేసిన 10 గోలులు లేకున్న ఆ పేరు అంత బిగ్గరగా వినబడెడిదా? బెల్జియం డిఫెన్స్ ఆటగాడు ఆర్థర్ వాన్ డోరెన్ 2017, 2018లలో ఈ పురస్కారమునే గెలిచెను. పెనాల్టీ కార్నర్ గోలులు అతని కీర్తికి ఆధారము కావు. చూడదలచిన కంటికి రక్షకుడు కనబడునని దీనివలన తేలుచున్నది.

పెనాల్టీ కార్నర్ వేళ ఎదుటివాడు బంతిని బలముగా విసరుచుండగా గోలుగీతనుండి సూటిగా అతనిపైకి పరుగెత్తువానిని మొదటి రషర్ అందురు. సుందర్‌గఢ్ బిడ్డ అమిత్ రోహిదాస్ ఈ ప్రాణాంతకమైన పనికి ప్రసిద్ధుడు. మోకాలికో ముఖమునకో బంతి తగిలిన ప్రమాదమే. బంతి ఆగినచో గోలు పట్టికలో ఏమియు మారదు. మారకుండుటయే అతని విజయము. అట్టి విజయమును కొలువగల బహుమానము కావలెను గదా!

మా సూచన స్పష్టము. ఐస్ హాకీ లీగ్‌వారు నోరిస్ ట్రోఫీని యథాతథముగ నుంచి, రక్షణలో మేటియైన డిఫెన్స్ ఆటగానికి వేరొక ట్రోఫీ నెలకొల్పవలెను. వేరు బహుమానము పెట్టినచో నోరిస్ పూర్తిగా పాయింట్ల పందెమగునని కొందరు శంకింతురు. ఇప్పటికే చాలవరకు అట్లున్నదానిని గూర్చి భయపడి, లేనివానికి పెట్టవలసిన కూడు ఆపుట న్యాయము గాదు. ఓట్లలో కొంతభాగము ఎదుటి జట్ల శిక్షకులకును ఈయవలెను. తమ ఫార్వర్డులకు ఊపిరాడకుండ చేసినవాడెవడో వారికి తెలిసినంత విలేఖరికి తెలియదు.

కెనడావారు మా మాట విందురని మేము తలపోయుట లేదు. మన చేతిలోని పని వేరొకటి కలదు. మనలో పలువురు వర్తకులు బాలుర ఆటలపోటీలకు కప్పులు, షీల్డులు ఇచ్చుచుందురు. ఆ కప్పు ప్రతిసారి ఎక్కువ గోలులు వేసిన బాలునికే పోవుచున్నది. వెనుక నిలిచిన పదునాలుగేండ్ల పిల్లవాడు అది చూచి, మరుసటి యేట తన స్థానము విడిచి ముందునకు పరుగెత్తును. గోలు ఖాళీయగును. కావున ఇకమీదట కప్పు ఇచ్చు దాతలు రెండవ కప్పొకటి రక్షకునికి కేటాయింతురుగాక. దానికెవడు అర్హుడో ఓడిన జట్టు పిల్లలను అడుగుడు. వారు తడుముకొనకుండ చెప్పుదురు.