ఓడింది ఆడపిల్లలేనా?

2022 అక్టోబరు 11న భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో, పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల ప్రపంచకప్ ఫుట్‌బాల్ మొదటి ఆటలో మన జట్టు అమెరికా చేతిలో 0-8తో ఓడిపోయింది. 14న మొరాకో చేతిలో 0-3, 17న బ్రెజిల్ చేతిలో 0-5. మూడు ఆటల్లో పదహారు గోల్స్ ఇచ్చి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా మన అమ్మాయిలు ఇంటిదారి పట్టారు. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు డబ్బు కావాలి, మైదానం కావాలి అని ఎవరైనా నోరెత్తితే చాలు, ఈ స్కోరు చూపించి నోరు మూయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ ఓటమి గురించి వివరంగా మాట్లాడుకోవాలి.

ఓటమి తర్వాత వినబడినవి ప్రధానంగా రెండు మాటలు. ఒకటి వెక్కిరింత: "ఆడవాళ్లకు ఫుట్‌బాల్ ఎందుకు?" రెండోది జాలి: "పాపం, చిన్నపిల్లలు, అంతదాకా వెళ్లడమే గొప్ప." మొదటిదాన్ని మనం వెంటనే గుర్తుపడతాం. రెండోది మంచి మాటలాగే ఉంటుంది. కానీ మగపిల్లలు ఓడితే ఎవరైనా "పాపం" అంటారా? డిఫెన్స్ ఎందుకు చెల్లాచెదురైంది, కోచ్ ఏం చేశాడు, ఎవర్ని ఎందుకు ఆడించారు అని టీకొట్టు దగ్గర కూడా చర్చిస్తారు. ఆడపిల్లల ఆటను ఆటగా చూసి తప్పొప్పులు చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. ఆటగత్తెగా గుర్తింపు పొందడం ఒక హక్కు అయితే, ఆ ఆట మీద నిజమైన విమర్శ పొందడం కూడా అందులో భాగమే. కాబట్టి ముందు ఆట గురించే మాట్లాడదాం.

అమెరికాతో ఆటలో హాఫ్‌టైమ్‌కే ఐదు గోల్స్ పడ్డాయి. మన జట్టు దాదాపు ఆటంతా తన పెనాల్టీ ఏరియా ముందే గడిపింది. వెనక్కి తగ్గి కాచుకోవడం తప్పేమీ కాదు, బలమైన జట్టు మీద ఎవరైనా చేసేదే. అయితే అలా కాచుకునేటప్పుడు రెండు పనులు జరగాలి. పక్కల నుంచి దూసుకొచ్చేవాళ్లను ఇద్దరిద్దరుగా అడ్డుకోవాలి. బంతి చిక్కగానే ముందుకు పంపడానికి ఒక దారి ఉండాలి. ఆ రెండూ మన ఆటలో కనబడలేదు. బంతి కాలికి దొరికిన క్షణాన ఎవరికివ్వాలో తెలియక బయటికి తన్నేశారు. తన్నిన బంతి మళ్లీ అమెరికా వాళ్లకే దొరికింది, మళ్లీ దాడి మొదలైంది.

మూడు రోజుల తర్వాత మొరాకోతో ఆడిన మొదటి సగం చూడండి. అదే పిల్లలు, అదే మైదానం. హాఫ్‌టైమ్‌కు స్కోరు 0-0. వరసలు దగ్గరగా ఉన్నాయి, ఒకరి వెనుక ఒకరు కాచుకున్నారు. అంటే నేర్పితే నేర్చుకోగల పిల్లలే, మూడు రోజుల్లో ఇంత మార్పు చూపించారు. రెండో సగం మొదట్లో పెనాల్టీ పడింది. అక్కణ్ణుంచి జట్టు దగ్గర రెండో ఉపాయం లేదు. గోల్ ఇచ్చాక ఎలా ఆడాలి అన్నది శిక్షణ శిబిరంలో బోర్డు మీద గీసి నేర్పేది కాదు. పోటీల్లో వెనకబడి, తేరుకుని, మళ్లీ ఓడి, ఇంకోసారి గెలిచి నేర్చుకునే విద్య అది. బ్రెజిల్‌తో ఆటలో చివరి నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. అప్పటికి కాళ్లూ, మనసూ రెండూ అలిసిపోయాయి.

దీనికి కోచ్‌ని నిందిద్దామా? థామస్ డెన్నర్‌బీ అనామకుడేమీ కాదు. 2011 మహిళల ప్రపంచకప్‌లో స్వీడన్‌ను మూడో స్థానానికి తీసుకెళ్లాడు. 2018లో నైజీరియాను ఆఫ్రికా విజేతగా నిలిపాడు. అతని మీద మన విమర్శ ఉంది. 2022 జూన్‌లో ఇటలీ చేతిలో 0-7తో ఓడినప్పుడే, ఇంత బలమైన జట్ల ముందు ఈ పద్ధతి నిలవదని హెచ్చరిక వచ్చింది. అక్టోబరు నాటికి దాన్ని సరిదిద్దలేకపోయాడు. కానీ అంత అనుభవమున్న కోచ్ కూడా కొన్ని నెలల జంషెడ్‌పూర్ శిబిరంలో పదేళ్ల లోటు పూడ్చగలడా? పేరున్న విదేశీ కోచ్‌ని తెచ్చి, పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెట్టి, చివరి ఏడాదిలో అద్భుతం చేయమనడం మన ఫుట్‌బాల్ పెద్దలకు అలవాటైన పని. ఓడితే కోచ్ ఉన్నాడు నింద మోయడానికి. అతను కాకపోతే ఆడపిల్లలున్నారు.

ఈ పిల్లలు వారం వారం పోటీ ఆటలు ఆడుతూ పెరిగారా అన్నదే అసలు ప్రశ్న. మగవాళ్లకు జాతీయ లీగ్ 1996లో మొదలైంది. ఆడవాళ్ల లీగ్ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2016-17లో వచ్చిన ఆ తొలి లీగ్ చివరి దశలో ఆరు జట్లే ఆడాయి, అదీ కొద్ది వారాలే. సొంత ఊళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి ఆడే పద్ధతి 2023-24 దాకా రాలేదు. పెద్దవాళ్ల గతే ఇదైతే, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకు ఏడాది పొడవునా ఆటలెక్కడివి? మొరాకో కూడా ఆ ఏడే మొదటిసారి ఈ ప్రపంచకప్‌కు వచ్చింది. కానీ ఆ దేశం 2020లోనే తన మహిళా లీగ్‌ను జీతాలిచ్చే వృత్తి లీగ్‌గా మార్చుకుంది. అమెరికాలో చదువుల్లో ఆడామగా వివక్ష కూడదనే చట్టం 1972లో వచ్చింది. బడుల్లో, కాలేజీల్లో ఆటస్థలాలు ఆడపిల్లలకు తెరుచుకున్నది ఆ చట్టంతోనే. మన మీద గోల్స్ కొట్టిన అమ్మాయిల వెనుక అర్ధశతాబ్దపు హక్కు ఉంది.

"మన ఆడపిల్లల ఒంట్లో బలం చాలదు" అనే మాట కూడా విన్నాం. ఒంట్లో బలం ఆకాశం నుంచి ఊడిపడుతుందా? ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే పిల్ల ఒంట్లో బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ జట్టు కెప్టెన్ ఆస్తం ఓరావ్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆమె కెప్టెన్ అయ్యాకే ఆమె ఇంటికి రోడ్డు వేయడం మొదలైందనీ, ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలికి వెళ్లారనీ పత్రికలు రాశాయి. కూతురు దేశం తరఫున ప్రపంచకప్ ఆడుతుంటే తల్లి మట్టి మోసింది. ఈ దేశం ఆ పిల్ల మీద అంతకుముందు ఖర్చుపెట్టిందేమిటి? పదిహేడేళ్లు చూడకుండా ఉండి, తొంభై నిమిషాలు చూసి తీర్పు చెప్పేశారు.

ఇక శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటేసే విషయం ఒకటుంది. అదే 2022 యూరప్ పర్యటనలో, ఈ జట్టు సహాయ కోచ్ ఒక బాలిక పట్ల లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడన్న ఆరోపణ వచ్చింది. అతన్ని సస్పెండ్ చేసి వెనక్కి రప్పించారు, జులైలో ఉద్యోగం నుంచి తొలగించారు, పోక్సో కింద కేసు నడిచింది. ప్రపంచకప్ అప్పటికి మూడు నెలలే ఉంది. ఆటగత్తెకు కోచ్ మీద నమ్మకం లేకపోతే ఏ వ్యూహం పనిచేస్తుంది? ఇల్లు వదిలి, భాష తెలియని దేశంలో, పాస్‌పోర్టూ తిండీ జట్టులో చోటూ అన్నీ పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న పదహారేళ్ల పిల్లకు ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఓటమి కారణాలు లెక్కపెట్టినవాళ్లలో ఎంతమంది ఈ సంగతి లెక్కలోకి తీసుకున్నారు?

ఇదేదో ఒక్క మనిషి చెడ్డతనమని సరిపెట్టుకుందామంటే, 2024 మార్చిలో గోవాలో ఏం జరిగింది? లీగ్ ఆడటానికి వెళ్లిన క్లబ్బు అమ్మాయిలు తమ గదిలోకి వచ్చి కొట్టాడని ఫెడరేషన్ కార్యవర్గ సభ్యుడి మీదే ఫిర్యాదు చేశారు. అతన్ని అరెస్టు చేశారు, ఫెడరేషన్ సస్పెండ్ చేసింది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం స్టేడియాన్నీ, క్రీడా శిక్షణా సంస్థనీ, పోటీలు జరిగే చోటునీ పని స్థలంగానే చెప్పింది. చట్టం కాగితం మీద ఉంది. జట్టు బస్సులో, హోటల్ వరండాలో అది ఎక్కడుంది?

ఆ వేసవిలో ఫెడరేషన్ పెద్దలు ఏం చేస్తున్నారు? ఎన్నికలు పెట్టకుండా కుర్చీలు పట్టుకు కూర్చున్నారు. మేలో సుప్రీంకోర్టు పాలకుల కమిటీని వేయాల్సి వచ్చింది. ఆగస్టులో బయటివాళ్ల జోక్యం ఉందంటూ ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. పది పదకొండు రోజులపాటు ఆ ప్రపంచకప్ జరుగుతుందో లేదో తెలియదు. అంతకుముందు 2020లో ఇక్కడ జరగాల్సిన ఇదే ప్రపంచకప్ కరోనాతో వాయిదాపడి, చివరకు రద్దయింది. దానికోసం సిద్ధమైన పిల్లలకు వయసు దాటిపోయింది. పెద్దల కుర్చీల తగాదాలో రెండో బృందానికీ ఆ గతే పట్టబోయి తప్పింది. ఇన్నిటి మధ్య ఆ పిల్లలు శిబిరంలో పరుగులు తీస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మన హైదరాబాదుకు సంబంధించిన ఒక పాత లెక్క చూద్దాం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత మగవాళ్ల జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మనవాళ్లలో కొందరు ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. పది గోల్స్ పడ్డాక "మగవాళ్లకు ఫుట్‌బాల్ ఎందుకు" అని ఎవరైనా అన్నారా? బూట్లు తప్పనిసరి చేశారు. రహీమ్ ఆడే పద్ధతినే మార్చాడు. ఆయన వెనుక హైదరాబాదులో సిటీ పోలీస్ లాంటి జట్టుంది, ఆటగాళ్లకు ఉద్యోగాలున్నాయి, ఏడాదంతా ఆడటానికి పోటీలున్నాయి. నాలుగేళ్లకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, పదేళ్లకు జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. ఆ రెండు జట్లనూ నడిపింది ఆ పది గోల్స్ చూసిన రహీమే. మగవాళ్లు పది గోల్స్‌తో ఓడితే లోపం పాదరక్షల్లో, పద్ధతిలో వెతికారు. ఆడపిల్లలు ఎనిమిదితో ఓడితే లోపం వాళ్ల ఒంట్లో వెతికారు. పితృస్వామ్యం అనే పెద్ద మాటకు ఇంతకన్నా చిన్న ఉదాహరణ అక్కర్లేదు.

మన ఆడవాళ్లకు ఆట కొత్తదేం కాదు. 1975లోనే మహిళల ఫుట్‌బాల్‌కు సొంత సమాఖ్య ఏర్పడింది. దాని హయాంలో, 1980 ప్రాంతంలో కాలికట్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ ఆసియా పోటీల్లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. తర్వాత ఆడవాళ్ల ఆట మగవాళ్ల ఫెడరేషన్ చేతికి వెళ్లింది. ఒక దశలో ఆటలే ఆడించకపోవడంతో ఫిఫా ర్యాంకుల జాబితాలోంచే మన జట్టు పేరు పోయింది. ఓడిపోయి పోలేదు, ఆడనివ్వక పోయింది!

ఆటలు దొరికితే ఏమవుతుందో కూడా చూశాం. 2025 జూన్, జులై నెలల్లో థాయిలాండ్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీల్లో మన సీనియర్ జట్టు మంగోలియాను 13-0తో, తూర్పు తైమూర్‌ను 4-0తో, ఇరాక్‌ను 5-0తో ఓడించింది. చివరికి థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో గెలిచి, 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. ఆతిథ్యం వల్ల దొరికిన చోటు కాదది, ఆడి తెచ్చుకున్నది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఆ జట్టులో మనమ్మాయి. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లిన పిల్ల ఆమె. కానీ ఈ గెలుపు చూసి ఫెడరేషన్‌కు దండలు వేయకండి. 2024 మొదటి నుంచి 2025 మొదటిదాకా సీనియర్ జట్టుకు చావోబా దేవి, సంతోష్ కశ్యప్, యోకిమ్ అలెగ్జాండర్‌సన్, క్రిస్పిన్ ఛెత్రి అని నలుగురు కోచ్‌లు మారారు. ఏడాదిలో నాలుగు పద్ధతులు నేర్చుకుని కూడా గెలిచారంటే ఆ గొప్ప ఆడినవాళ్లది.

మనం అడగాల్సింది దయాదాక్షిణ్యాలు కాదు. పదమూడేళ్లు దాటిన ప్రతి ఆటగత్తెకు జిల్లా స్థాయిలో ఏడాది పొడవునా లీగ్ ఉండాలి. కోచ్‌కు కనీసం నాలుగేళ్ల గడువివ్వాలి, ఆ తర్వాత గట్టిగా లెక్క అడగాలి. మైనర్ పిల్లల జట్టు ఎక్కడికి వెళ్లినా బాధ్యతగల మహిళా అధికారులు వెంట ఉండాలి. ఫెడరేషన్‌తో సంబంధం లేని ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దాని ఫోను నంబరు ప్రతి పిల్ల దగ్గరా ఉండాలి. శిబిరంలో పెట్టే తిండి, శిబిరం ముగిసి ఇంటికి వెళ్లాక కూడా అందే ఏర్పాటు కావాలి.

ఇదంతా ఢిల్లీలో తేలే సంగతి అని ఊరుకోవద్దు. మీ జిల్లా క్రీడాధికారి దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. మూడు ప్రశ్నలు రాసిచ్చి, రాతపూర్వకంగా జవాబు అడగండి. నిరుడు ఈ జిల్లాలో ఆడపిల్లలు ఎన్ని ఫుట్‌బాల్ పోటీలు ఆడారు? మగపిల్లలు ఎన్ని ఆడారు? ఆడపిల్లల జట్టు ఊరు దాటినప్పుడు వెంట ఎవరు వెళ్లారు? ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. వచ్చిన జవాబులు మన పత్రికకు పంపండి. ఆ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి అచ్చువేద్దాం. భువనేశ్వర్‌లో ఆ ఎనిమిది గోల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు అందరికీ తెలుస్తుంది.