మేనిరంగు అమ్మే దుకాణంలో మర్యాద

"టానింగ్" అనగానే మనలో చాలమందికి తోళ్లను పదును చేసే కార్ఖానాలు స్ఫురించుట సహజం. కాని ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలలో "టానింగ్ సెలూన్" అనగా తెల్లని మేనిచ్ఛాయ గలవారు రుసుము చెల్లించి తమ చర్మాన్ని గోధుమవన్నెకు తెచ్చుకొనే దుకాణం. అక్కడ మంచం వంటి పెట్టెలో పడుకొన్నవారి దేహంపై పైన, క్రింద అమర్చిన దీపాలు అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేయును. కొన్ని పర్యాయాలు ఇట్లు చేసినచో, సముద్రతీరాన సెలవులు గడిపి వచ్చిన వన్నె సిద్ధించును.

ఒకప్పుడు ఐరోపాలో ఎండకు కమిలిన మేను పొలం పనివారి గుర్తు. తెల్లని మేను నీడపట్టున నుండే సంపన్నుల గుర్తు. యంత్రయుగంలో శ్రామికులు కార్ఖానాల నీడకు చేరిరి. తీరిక, ధనం ఉన్నవారు ఎండను వెదకుకొని పోయిరి. 1920 దశకం నుండి గోధుమవన్నె నాగరకతకు చిహ్నమైనది. 1970 దశకంలో జర్మనీలో ఫ్రీడ్రిష్ వోల్ఫ్ రూపొందించిన దీపాల మంచాలు ఆ ఎండను వీధి దుకాణంలోనికి తెచ్చినవి.

ఇట్టి దుకాణాన్ని చక్కగా నడుపుట ఎట్లు? వచ్చినవారిని చిరునవ్వుతో ఆహ్వానించవలెను. చెప్పిన వేళకు గది సిద్ధంగా ఉంచవలెను. ఒకరు లేచిన వెంటనే మంచాన్ని క్రిమిసంహారక ద్రవంతో తుడువవలెను. కండ్లకు రక్షణ అద్దాలు తప్పక ఇవ్వవలెను. ఇవన్నియు మేము అంగీకరింతుము. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు ఊరక అనలేదు. కాని సేవ ఇంతటితో ముగిసినదా? ముగియలేదని మా దృఢమైన అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ దీపాల మంచాలను మానవులకు క్యాన్సర్ కలిగించునవిగా నిర్ధారించి, పొగాకు ఉన్న మొదటి వర్గంలోనే చేర్చినది. 30 ఏండ్లు నిండకముందే వీటిని వాడనారంభించినవారికి మెలనోమా అనే ప్రాణాంతక చర్మ క్యాన్సర్ ముప్పు 75 శాతం అధికమగునని తెలిపినది. ఇది తెలిసిన పిదప, "నెలకు ఇంత చెల్లించండి, ఎన్నిమార్లైనా రండి" అని రాయితీ ఇచ్చుట సేవయా, అపకారమా? చిరునవ్వుతో చేసినంత మాత్రాన అపకారం ఉపకారం కాజాలదు.

కావున ఆ దుకాణంలో నిజమైన సేవ ప్రశ్నలతో ఆరంభం కావలెను. మీ చర్మం వన్నె తిరుగక ఎండకు ఎఱ్ఱగా కమిలిపోవునా? డాక్సీసైక్లిన్ వంటి, చర్మాన్ని వెలుగుకు సులభంగా కమిలిపోవునట్లు చేసే మందులు వాడుచున్నారా? మీ కుటుంబంలో చర్మ క్యాన్సర్ ఉన్నదా? మీ వయస్సెంత? సమాధానాన్ని బట్టి "ఇది మీకు తగదు" అని చెప్పి పంపగలవాడే ఉత్తమ వర్తకుడు. వన్నెయే కావలెనన్నచో కిరణాలతో పనిలేక, చర్మం పైపొరకు రంగు పట్టించే డైహైడ్రాక్సీ అసిటోన్ పూత ఉన్నది. ఆ పూత ఎండ నుండి కాపాడదని కూడ చెప్పవలెను.

"వచ్చినవారు పెద్దవారు, ఎంపిక వారిది, మాకు అద్దె, జీతాలు ఉన్నవి" అని వర్తకుడు అనవచ్చును. అద్దె మాట నిజమే. కాని తెలిసి ఎంచుకొన్నదే ఎంపిక. తెలిసినది దాచినవాడు ఆ ఎంపికనే అపహరించినవాడగును. అమెరికాలో ఈ వర్తకుల సంఘమొకటి ఇందులో ప్రమాదం లేదని ప్రకటించగా, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపినది. 2010లో ఆ సంఘం అట్టి ప్రకటనలు మానుటకు ఒప్పుకొన్నది. ఇంగ్లండు, వేల్సులలో 2011 నుండి 18 ఏండ్లలోపు వారికి ఈ మంచాలు నిషిద్ధం. బ్రెజిల్ 2009లో సౌందర్యార్థమైన వాడకాన్నే నిషేధించినది. వర్తకుడు తానే చెప్పవలసిన మాటను చట్టం చెప్పవలసి వచ్చుట ఆ వృత్తికి గౌరవం కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు అంగడిలో ధాన్యపురాశిలోనికి చేయి పోనిచ్చి, అడుగున తడి గమనించి, ఆ తడిని అందరికి కనబడునట్లు పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని ప్రశ్నించిరి. వ్యాపారనీతి యావత్తు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది. దీపాల మంచపు ప్రమాదం కూడ రాశి అడుగున ఉన్న తడియే.

ఇదంతయు పరదేశపు ముచ్చట అని మనం నవ్వుకొనుటకు వీలులేదు. వారు నలుపు కొనుచుండగా మనం తెలుపు కొనుచున్నాము. 1975లో మన దేశపు అంగడిలో అడుగిడిన "ఫెయిర్ అండ్ లవ్లీ" 2020లో "గ్లో అండ్ లవ్లీ"గా పేరు మార్చుకొన్నది. తెలుపుపై మన మోజు మాత్రం మారలేదు. వైద్యుని సలహా లేక స్టెరాయిడ్ కలిసిన లేపనాలు పూసుకొని ముఖం చెడగొట్టుకొనువారు మన వీధులలోను ఉన్నారు. వాటిని అడిగినదే తడవుగా అందించే మందుల దుకాణదారు మర్యాదస్థుడే కావచ్చును, మేలు కోరువాడు మాత్రం కాడు.

విద్యార్థులారా! మీలో పలువురు రేపు దుకాణాలు తెరతురు, మందులు అమ్ముదురు, బ్యూటీ పార్లర్లు నడుపుదురు. వినయంగా మాట్లాడుట నేర్చుకొనుడు. కాని అమ్మకం పోయినను నిజం చెప్పుట అంతకంటె ముందు నేర్చుకొనుడు. మన కళాశాలలోని వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు లెక్కలతోపాటు ఈ నీతిని కూడ బోధించు ఏర్పాటు చేయవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి.