వంటింట్లో మిగిలిన మూడు గజాలు

సంక్రాంతికి నెల ముందు మా వంటింట్లో పాత కట్టెల పొయ్యి తీసేయించాం. గ్యాసు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, పండగలకు ఓళిగలు కాల్చడానికీ, చుట్టాలొస్తే పెద్ద గిన్నెలో సంగటి గెలకడానికీ పనికొస్తుందని దాన్ని అట్లే ఉంచుకున్నాం. గోడ నెర్రె విచ్చింది కాబట్టి ఇక తప్పలేదు. పొయ్యి, దాని గట్టు, కట్టెలు పెట్టుకునే గూడు అన్నీ పోయాక కిటికీ కింద ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు జాగా తేలింది. అంటే మూడు గజాల పైచిలుకు. మూడు గజాలకు ముగ్గురు హక్కుదారులు వెంటనే తయారయ్యారు.

మా ఆయన గాజు తలుపుల అల్మారా అన్నాడు. బెంగళూరులో చదువుకునే మా అబ్బాయి ఫోనులోనే డైనింగ్ టేబుల్ అన్నాడు. మా ఆడబిడ్డ ఇంకా పెద్ద ఫ్రిజ్జు తీసుకో వదినా అంది. మా అత్తను అడిగితే "నాకేం తెలుసమ్మా, మీ ఇష్టం" అని టీవీ వైపు తిరిగింది.

ప్రొద్దుటూరు నుంచి అల్మారాల అంగడాయన టేపు పట్టుకొని వచ్చాడు. కొలిచాడు, రాసుకున్నాడు, రంగుల పుస్తకం చూపించాడు. వచ్చినప్పటి నుంచి పోయేదాకా మా ఆయనతోనే మాట్లాడాడు. ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. మా ఆయన ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు. నేను కాఫీ ఇచ్చాను.

ఆ రాత్రి ఊరికే లెక్క వేసుకున్నాను, ఆ అల్మారాలో ఏం పెడతానని. మా అత్త కాపురానికి వచ్చిన రోజుల్లో ఏడాదికి సరిపడా సరుకు ఇంట్లోనే ఉండాలి. కంది బేడలు, చింతపండు, ఎండు మిరపకాయలు, చెనక్కాయలు, కాలువ కింద పండిన వడ్లు, ఊరగాయ జాడీలు. అప్పుడు జాగా అంటే తిండి. ఇప్పుడు బియ్యం 26 కిలోల మూట వస్తుంది, అది అయిపోతే ఇంకోటి. బేడలు వీధి చివర దొరుకుతాయి. మరి అల్మారా దేనికి? అటక మీద చూస్తే పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలు, డబ్బా కూడా విప్పని రెండు డిన్నర్ సెట్లు, మూత పోయిన కుక్కరు. వాటిని కిందికి దించి గాజు వెనక నిలబెట్టడానికి మేం డబ్బు కట్టబోతున్నాం. అల్మారా వస్తే సామాను సర్దుకుంటుందంటారు గానీ, నా అనుభవంలో సామాను పిల్లలు పెడుతుంది.

ఫ్రిజ్జు సంగతి ఇంకా సులువు. లోపల చల్లబరచడమంటే అక్కడి వేడిని బయటికి తోయడమే. మే నెలలో మా కడప జిల్లా ఎండ నలభై దాటుతుంది. ఆ వంటింట్లోకి ఇంకో వేడి పెట్టె ఎందుకు? టేబుల్ వేస్తే మేమందరం కలిసి కూర్చొనేది ఏడాదికి రెండు పండగలు, మిగతా రోజులంతా దాని మీద కూరగాయల సంచులు.

పనివాళ్లు పోయిన రోజు సాయంత్రం ఒకటి జరిగింది. కూలిన పొయ్యి జాగా ఊడ్చి, అనపకాయల బుట్ట అక్కడ పెట్టి నేను గ్యాసు దగ్గరికి పోయాను. వెనక్కి తిరిగి చూస్తే మా అత్త వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి అక్కడ కూర్చొని కాయలు ఒలుస్తోంది. "ఈడ గాలి బాగుండాది" అంది. నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది, ఆమె వంటింట్లో కూర్చొని నేను చూసి ఎన్నేళ్లయిందో.

మునుపు వంటంతా కింద కూర్చొనే. కత్తిపీట, రోలు, పొయ్యి అన్నీ నేల మీదే. ఆ పొగ నాకు వద్దు, మా అత్త కళ్లను అడిగితే చెబుతాయి. గట్టు కట్టించుకొని నిలబడి వండుకోవడం వల్ల నా నడుము బతికింది, అదీ నిజమే. కానీ పని నడుమెత్తుకు లేచిన రోజున, మోకాళ్ల నొప్పులున్న మనిషికి అక్కడ చోటు లేకుండా పోయింది. నిలబడలేదు, కింద కూర్చోలేదు. మంచినీళ్లకు వస్తుంది, పోతుంది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, గట్టే పొమ్మంది.

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షుట్టే లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. రైళ్లలోని వంటపెట్టెను చూసి, ఆరడుగులు దాటిన వెడల్పు, పదకొండడుగుల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చింది. అడుగులు తగ్గితే ఆడవాళ్లకు తీరిక దొరుకుతుందని ఆమె ఉద్దేశం. అటువంటివి పదివేల దాకా కట్టారు. నేటి మాడ్యులర్ వంటిళ్లకు అది అవ్వ లాంటిది. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అది ఒక్క మనిషి కొలతకు కుట్టిన రవిక. రెండో మనిషి వస్తే పట్టదు. వండే మనిషి తొందరగా వండేస్తుంది, ఒంటరిగా.

అందుకే నేనంటాను, వంటింట్లో జాగా మిగిలితే వస్తువుకు కాదు, ఇంకో మనిషికి ఇవ్వాలి. అపార్టుమెంటులో అడుగు తిరిగే చోటు లేనివాళ్లకు ఈ మాట ఎగతాళిగా ఉంటుందేమో, వాళ్లయినా ఒక స్టూలు పెట్టుకోగలరు.

మా ఆయనకు చెప్పడానికే రెండు రోజులు పట్టింది. డబ్బు కట్టిన పనికి అడ్డం చెప్పడం నాకు అలవాటు లేదు. "ఆ అల్మారా నాకొద్దు. అత్తకు కూర్చొనే చోటు కావాల, నాకు మాట్లాడే మనిషి కావాల" అన్నాను. "అడ్వాన్సో?" అన్నాడు. "అది పోతే పోనీ" అన్నాను. ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదేమో, ఆయన నా మొహం కాసేపు చూశాడు. చివరికి అంగడాయన అడ్వాన్సు కింద గట్టు అడుగున రెండు సొరుగులు చేసిచ్చాడు.

కిటికీ కింద ఎర్రగుంట్ల తట్టు నుంచి తెచ్చిన కడప బండతో నాలుగడుగుల అరుగు వేయించాం. ఎత్తు అడుగున్నర. అంతకంటే తక్కువైతే మోకాళ్లు లేవనీయవని కుర్చీ కొలత చూసి పెట్టాం. చలికాలం బండ జిల్లుమంటుంది, పాత చీరల బొంత పరిచాం. అరుగు కింద ఖాళీలో బియ్యం డ్రమ్ము. సిలిండరు అక్కడ పెడదామన్నాడు మేస్త్రి, నేను ఒప్పుకోలేదు. గ్యాసు గాలి కంటే బరువు, కారితే కిందనే పేరుకుంటుంది, దాని మీద మనిషి కూర్చోవడమేంది?

ఊరి నుంచి వచ్చిన చుట్టాలు "ఇంత జాగా వృథా చేసినారే" అన్నారు. చెప్పింది ఆ అరుగు మీద కూర్చొనే.

నిన్న సంగటికి ఎసరు పెడుతుంటే వెనక నుంచి "నీళ్లు చాలవు, ఇంకో చెంబు పొయ్" అని వినిపించింది. నాకు కొంచెం కోపం వచ్చింది, ఇరవై ఏళ్లుగా నేనే వండుతున్నాను కదా. పోశాను. మా ఆయనకు కాఫీ తాగడానికి ఆ అరుగే నచ్చింది ఇప్పుడు, అత్తాకోడళ్ల మధ్య ఇరుక్కొని కూర్చుంటాడు. కిటికీకి దోమల వల బిగించమని నెల నుంచి చెబుతున్నాం, అదొక్కటీ ఇంకా కాలేదు.